వైజాగ్ ఉప్పుగాలిలో ల్యాప్‌టాప్: ఛార్జర్ పెట్టి ఉంచాలా, తీసెయ్యాలా, బీరువాలో దాచాలా?

వైజాగ్‌లో కొత్త ల్యాప్‌టాప్ కొన్నోళ్ళకి సలహాలకేం కొదవుండదు. ఛార్జర్ ఎప్పుడూ పెట్టి ఉంచితే బ్యాటరీ పోద్దని ఆఫీసులో ఒకరంటారు, మాటిమాటికీ తీసి పెడుతుంటేనే పోద్దని పక్క సీటాయన అంటాడు. బీచ్‌కి దగ్గరిల్లయితే వాడనప్పుడు బ్యాగులో పెట్టి జిప్పేసి బీరువాలో దాచెయ్యమని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్తారు, అలా దాచిపెట్టినవే లోపలి మదర్‌బోర్డు పోయి తన దగ్గరకొస్తున్నాయని రిపేర్ షాపతను చెప్తాడు. మెటల్ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటోంది అంటే "అన్నిటికీ అంతే, ఏం కాదు" అని ఒక మాట, "వెంటనే ఆపెయ్, ప్రమాదం" అని ఇంకో మాట.

ఇవన్నీ ఉత్తి పుకార్లయితే కొట్టిపారేసేవాళ్ళం, కావు కాబట్టే ఇంత గందరగోళం. ఒక్కో సలహా ఒక్కో కారణం చూసి పుట్టింది, తర్వాత కారణం జారిపోయి సలహా ఒక్కటే చేతులు మారింది, అందుకే ఒకచోట పనికొచ్చింది ఇంకోచోట నష్టం చేస్తోంది. ఈ ఊళ్ళో ల్యాప్‌టాప్‌ని అరగదీసేవి ముఖ్యంగా వేడి, నిండు ఛార్జ్, ఉప్పు కలిసిన చెమ్మ, ఎర్తింగ్ సరిగ్గా లేని వైరింగ్. అందరూ బ్యాటరీ గురించే మాట్లాడతారు గానీ నా లెక్కలో సముద్రం పక్కనున్న ఊరికి పెద్ద విషయం చెమ్మ, అదీ వాడుతున్న ల్యాప్‌టాప్‌కంటే వాడకుండా పక్కన పెట్టినదానికి. అక్కడికి వద్దాం, ముందు బ్యాటరీ సంగతి తేల్చుకుందాం.

## బ్యాటరీలో అరిగేది ఏంటి, దాన్నెలా కొలుస్తారు

ఇప్పటి ల్యాప్‌టాప్‌ల్లో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ, 1991లో సోనీ కంపెనీ మొదటిసారి మార్కెట్లోకి తెచ్చిన రకం. ఛార్జ్ చేసేటప్పుడు లిథియం అయాన్లు, అంటే ఛార్జ్ ఉన్న లిథియం కణాలు, ఎలక్ట్రోడ్ అనే ఒక పలక నుంచి రెండోదాంట్లోకి వెళ్తాయి, వాడేటప్పుడు తిరిగొస్తాయి. కాలం గడిచేకొద్దీ వాటిలో కొన్ని ఎలక్ట్రోడ్ మీద పేరుకునే పొరలో ఇరుక్కుపోయి మళ్ళీ తిరగవు, కెపాసిటీ తగ్గడం అంటే ఎక్కువ భాగం ఇదే.

కొలతకి వాట్ అవర్ అనే లెక్క వాడతారు, అంటే ఒక వాటు చొప్పున గంటసేపు వాడే కరెంటు. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే రెండు అంకెలు కనిపిస్తాయి, ఒకటి డిజైన్ కెపాసిటీ అంటే కొత్తలో ఉండాల్సింది, ఇంకోటి ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు నిండా నింపితే పట్టేది. డిజైన్ 50 వాట్ అవర్లు, ఇప్పుడు పట్టేది 41 అయితే బ్యాటరీ ఆరోగ్యం 82 శాతం. సగటున 10 వాట్లు తినే పని చేస్తుంటే కొత్తలో 5 గంటలొచ్చింది ఇప్పుడు 4 గంటల చిల్లరే వస్తుంది, అంతకుమించి భయపడాల్సిందేం లేదు.

ఇక సైకిల్. చాలామంది ఛార్జర్ ఎన్నిసార్లు గుచ్చితే అన్ని సైకిల్స్ అనుకుంటారు, అది కాదు. మొత్తం కలిపి 100 శాతం వాడితే ఒక సైకిల్. ఇవాళ 60 శాతం వాడి ఛార్జ్ పెట్టి, రేపు 40 వాడి మళ్ళీ పెడితే రెండుసార్లు గుచ్చినా సైకిల్ మాత్రం ఒక్కటే. మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీలు 300 నుంచి 500 సైకిల్స్ దగ్గర సుమారు 80 శాతానికి దిగేలా తయారవుతాయి, ఇప్పటి మ్యాక్‌బుక్‌లకి ఆపిల్ 1000 సైకిల్స్ అని చెప్తుంది.

వాడకం వల్ల వచ్చే ఈ అరుగుదల ఒక రకం. ఇంకో రకం ఉంది, అసలు వాడకపోయినా ఊరికే ఉన్నచోటే ముసలిదవడం. దీన్ని నడిపించేవి వేడి, నిండు ఛార్జ్. సెల్, అంటే బ్యాటరీ లోపలి ఒక్కో విడి భాగం, నిండినప్పుడు దాని వోల్టేజ్ 4.2 వోల్టుల దాకా వెళ్తుంది, కొన్నిట్లో ఇంకొంచెం ఎక్కువే, ఆ స్థితిలో లోపలి రసాయనాలు ఊరుకోవు, ఆ పొర పెరుగుతూనే ఉంటుంది, వేడి తోడైతే ఇంకా తొందరగా పెరుగుద్ది. బ్యాటరీ ఇంజినీర్లు తరచూ చూపించే ఒక లెక్క ఉంది: ఏడాదిపాటు 25 డిగ్రీల్లో 40 శాతం ఛార్జ్‌తో వదిలేస్తే దాదాపు 96 శాతం కెపాసిటీ మిగులుద్ది, అదే 100 శాతం ఛార్జ్‌తో వదిలేస్తే 80. 40 డిగ్రీల్లో అయితే ఈ రెండూ 85, 65. బ్యాటరీ రకాన్ని బట్టి అంకెలు కాస్త అటూఇటూ అవుతాయి గానీ వరస మాత్రం మారదు.

## ఎప్పుడూ ప్లగ్‌లో ఉంచడం మీద రెండు వాదనలు

ఓవర్‌ఛార్జ్ అయిపోద్ది అనే భయం పాత కాలంది. బ్యాటరీ నిండగానే లోపలి సర్క్యూట్ ఛార్జింగ్ ఆపేస్తుంది, అక్కణ్ణుంచి అడాప్టర్ కరెంటు నేరుగా ల్యాప్‌టాప్‌ని నడుపుతుంది. కాబట్టి పెట్టి ఉంచినా ఏం కాదు అనేవాళ్ళది సగం నిజం. కానీ నిండిన బ్యాటరీ గంటల తరబడి వేడి బోర్డు పక్కన కూర్చునుంటుంది చూడండి, వద్దనేవాళ్ళ బాధ అది, అదీ నిజమే.

ఒక లెక్క వేద్దాం. మధురవాడలో ఏసీ గదిలో పది గంటలు ప్లగ్‌లోనే పనిచేసే అమ్మాయి, గాజువాకలో ఏసీ లేకుండా మే నెలలో అలాగే పనిచేసే అబ్బాయి, ఇద్దరూ ఏడాదిలో పట్టుమని 50 సైకిల్స్ కూడా వాడరు. సైకిల్స్ చూస్తే ఇద్దరి బ్యాటరీలూ కొత్తవే. కానీ ఆ అబ్బాయిది నిండు ఛార్జ్ మీద వేడిలో ఉంది, అమ్మాయిది చల్లగా ఉంది, ఏడాది తర్వాత రిపోర్ట్ తీస్తే తేడా అక్కడ బయటపడుద్ది. మూడో మనిషి, ప్లగ్‌లో ఉంచితే పోద్దన్న మాట విని రోజూ రెండుసార్లు సున్నా దాకా దించి మళ్ళీ నింపేవాడు, 300 పనిదినాల్లో 600 సైకిల్స్ వాడేస్తాడు. అందరికంటే ముందు బ్యాటరీ మార్చుకునేది అతనే, అదీ జాగ్రత్త పేరుతో.

సున్నా దాకా దించాలి అన్న మాట నికెల్ కాడ్మియం బ్యాటరీల రోజుల్నుంచి మిగిలిపోయింది, వాటికి ఆ అవసరం ఉండేది. లిథియంకి లేదు. శాతం చూపించే అంకె తప్పుగా చూపిస్తున్నప్పుడు, అంటే 30 దగ్గర ఉండగానే టక్కున ఆగిపోతున్నప్పుడు, ఒకసారి నిండా నింపి కిందిదాకా దించితే ఆ కొలత సర్దుకుంటుంది, బ్యాటరీ మాత్రం బాగుపడదు.

ఈ గొడవకి కంపెనీలు కనిపెట్టిన మధ్యేమార్గం ఛార్జ్ లిమిట్. లెనోవో, డెల్, హెచ్‌పీ, ఆసుస్ మోడళ్ళలో చాలావాటికి ఏదో ఒక పేరుతో ఈ సెట్టింగ్ ఉంటుంది, పెడితే 80 శాతం దగ్గరో ఆ చుట్టుపక్కలో ఆగిపోద్ది. ఎక్కువగా ప్లగ్‌లో వాడేవాళ్ళకి ఇది నిజంగా పనికొచ్చేదే. దీనిక్కూడా ఒక నష్టం ఉంది, అది మన ఊరికి తెలిసిన నష్టమే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక ఊళ్ళో చాలా వీధులకి రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు 80 దగ్గర ఆగిన బ్యాటరీ అంటే ఒక గంట పని తక్కువ. లిమిట్ సెట్టింగ్ ఎప్పుడైనా తీసెయ్యొచ్చు కాబట్టి తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు 100 చేసుకుని తర్వాత మళ్ళీ దించుకోవడంలో ఏ ఇబ్బందీ లేదు, ఒకట్రెండు రోజుల నిండు ఛార్జ్‌కి బ్యాటరీకి ఏం కాదు.

వేడి గురించి ఇంకొక్క మాట చెప్పి ముందుకెళ్దాం. పరుపు మీద పెట్టి వాడితే కింద గాలి పీల్చుకునే కంతలు మూసుకుపోతాయి, ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దాకా ఎక్కి తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది, ల్యాప్‌టాప్ స్లో అయిందని మనం ర్యామ్ కొనడానికి వెళ్తాం. వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు పోర్టు బొగ్గు దుమ్ము ఇళ్ళలోకి వస్తుందని అక్కడివాళ్ళు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు, ఆ దుమ్ము ఫ్యాన్ వెనకున్న రేకుల మధ్య అట్టలా కడుతుంది. అటువైపు ఇళ్ళలో ల్యాప్‌టాప్‌ని రెండేళ్ళకోసారి శుభ్రం చేయిస్తే చాలదు.

## ఉప్పుగాలి బోర్డుని ఎలా తింటుంది

అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర గాలిలో ఆరి ఉప్పు నలుసుగా మారి ఇళ్ళలోకి వస్తుంది. తీరం నుంచి దూరం పెరిగేకొద్దీ ఇది గబగబా తగ్గిపోతుంది, అందుకే లాసన్స్ బే, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో కిటికీ ఊచలు తుప్పు పట్టినంత తొందరగా లోపలి కాలనీల్లో పట్టవు. ఫ్యాన్ ఉన్న ల్యాప్‌టాప్ రోజంతా ఆ గాలినే పీల్చి బోర్డు మీదుగా వదులుతుంది.

ఉప్పు పొడిగా ఉన్నంతసేపూ పెద్దగా ఏం చెయ్యదు. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీస్తే ముద్దకట్టి నీరు కారుతుంటుంది చూడండి, బోర్డు మీద జరిగేదీ అచ్చం అదే. మామూలు ఉప్పు అంటే సోడియం క్లోరైడ్ గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే గాలిలోంచి నీళ్ళు లాక్కుని ద్రవంగా మారిపోద్ది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికైతే 33 శాతం తేమ చాలు. అలా తయారైన ఉప్పునీటి పొరలో కరెంటు పారుతుంది, ఒక పిన్నుకీ పక్క పిన్నుకీ మధ్య వోల్టేజ్ ఉంటే లోహం కరిగి అటునుంచి ఇటు జరిగి సన్నటి వెంట్రుకల్లా పెరుగుతుంది, రాగి పచ్చబడుతుంది. ఒకరోజు ల్యాప్‌టాప్ ఆన్ అవ్వదు. నీళ్ళు పొయ్యలేదు, కింద పడెయ్యలేదు, అయినా అవ్వదు.

ఇప్పుడు వాడేదానికీ దాచినదానికీ తేడా చూద్దాం. బయట 32 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకోండి, ఇక్కడ జూలైలో అదేం వింత కాదు. ఆ గాలి ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్ లోపలికెళ్ళి 45 డిగ్రీలకి వేడెక్కితే, అదే నీటి ఆవిరికి అక్కడ తేమ శాతం లెక్కగడితే 40 దగ్గరకి పడిపోద్ది, ఎందుకంటే వేడి గాలికి నీటిని పట్టుకునే శక్తి ఎక్కువ. 75కి చాలా కింద కాబట్టి మామూలు ఉప్పు పొడిగానే ఉంటుంది. మెగ్నీషియం ఉప్పు ఇంకా తడిగానే ఉండొచ్చు కాబట్టి పూర్తి రక్షణ అనలేం, కానీ చాలా నయం. అదే ల్యాప్‌టాప్ ఆపేసి బయటి గోడకి ఆనించిన బీరువాలో గుడ్డ బ్యాగులో పెడితే లోపల కూడా 80, 85 శాతమే, రాత్రీపగలూ. పైగా ఇప్పటి ల్యాప్‌టాప్‌ల్లో బ్యాటరీ లోపలే బిగించేసి ఉంటుంది, షట్‌డౌన్ చేసినా బోర్డు మీద కొన్ని చోట్ల వోల్టేజ్ ఉంటూనే ఉంటుంది. ఉప్పు, తడి, వోల్టేజ్ మూడూ కలిసి నెలల తరబడి ఏ ఆటంకం లేకుండా పనిచేసుకుంటాయి. రిపేర్ షాపతను చెప్పింది అందుకే నిజం.

పెద్దవాళ్ళ మాట కూడా ఉత్తిది కాదు. కిటికీ తీసున్న గదిలో బల్ల మీద తెరిచి వదిలేస్తే ఉప్పు నలుసు, దుమ్ము నేరుగా కీబోర్డులోకి పడతాయి, ఆపి ఉన్నప్పుడు మూసిపెట్టడం సరైనదే. వాళ్ళు అడ్డుకోవాలనుకున్నది ఉప్పు లోపలికి రావడాన్ని, షాపతను చూసింది అప్పటికే లోపలున్న ఉప్పు తడవడాన్ని. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడితే రెండూ ఆగుతాయి. అదే సిలికా జెల్ జిప్ బ్యాగులో వేస్తే గుడ్డలోంచి తేమ వస్తూనే ఉంటుంది కాబట్టి కొద్ది రోజుల్లోనే నిండిపోయి ఊరికే పడుంటుంది. నెలల తరబడి దాచేదైతే బ్యాటరీ సగం దగ్గర ఉంచడం కూడా ఇందులో భాగమే, పైన చెప్పిన 96, 80 లెక్క అక్కడికి సరిగ్గా సరిపోద్ది. మరీ సున్నా దగ్గర దాస్తే నెమ్మదిగా దిగి దిగి మళ్ళీ ఛార్జ్ ఎక్కని స్థితికి పోవచ్చు.

ఇంకో సందర్భం ఉంది, ఐటీ ఆఫీసులవాళ్ళకి రోజూ ఎదురయ్యేది. రుషికొండ కొండ మీద ఆఫీసులో ఏసీ 22 డిగ్రీలు, ల్యాప్‌టాప్ బాడీ కూడా అంతే చల్లగా అయిపోతుంది. బయట 33 డిగ్రీలు, తేమ 75 శాతం. ఆ గాలి 28 డిగ్రీలకి చల్లబడితే చాలు నీళ్ళుగా మారుతుంది, దాన్నే డ్యూ పాయింట్ అంటారు. 22 డిగ్రీల లోహం 28 కంటే కింద కాబట్టి దాని మీద చెమ్మ పడుతుంది, ఏసీ కార్లోంచి దిగితే కళ్ళజోడు మసకబారేది ఇందుకే. బ్యాగులో మూసి ఉన్నంతసేపూ గాలి తగలడం తక్కువ, నెమ్మదిగా వేడెక్కుతుంది. బయటికి తీసి వెంటనే ఆన్ చేస్తే ఫ్యాన్ ఆ తడి గాలిని చల్లటి బోర్డు మీదకి తోస్తుంది. అరగంట బ్యాగులోనే ఉంచి తీసేవాళ్ళు చేస్తున్నది చాదస్తం కాదు.

## "నీళ్ళు పడ్డాయి" అన్న సర్వీస్ రిపోర్ట్ మీద గొడవ

ఇది మన ఊళ్ళో తరచూ వినే తగువు. వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్ ఇస్తే సర్వీస్ ఇంజినీర్ బోర్డు విప్పి పచ్చబడిన చోటు ఫోటో తీసి లిక్విడ్ డ్యామేజ్ అని రాస్తాడు, కస్టమర్ చుక్క నీళ్ళు కూడా పడలేదని ప్రమాణం చేస్తాడు. ఇద్దరూ అబద్ధం చెప్పకపోవచ్చు. ఉప్పు చెమ్మ వల్ల తిన్న చోటూ నీళ్ళు పడి తిన్న చోటూ చూడ్డానికి దగ్గరగా ఉంటాయి. గమనిస్తే ఒక తేడా దొరకొచ్చు, ఒలికిన నీరు ఒకచోట చేరి అక్కడే మరక వేస్తుంది, గాలిలో వచ్చిన ఉప్పు ఫ్యాన్ దారిలో, పోర్టుల దగ్గర, పల్చగా అక్కడక్కడా ఉంటుంది. కాకపోతే మామూలు వారంటీల్లో చాలావాటిలో రెండూ కవర్ అవ్వవు, యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ కొన్నా తుప్పుని విడిగా మినహాయించారా లేదా అన్నది ఆ ప్లాన్ కాగితంలోనే తేలుద్ది.

బోర్డు పోతే డేటా సంగతి ఇంకో తలనొప్పి. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి డిస్క్ తనంతట తానే లాక్ అయి ఉంటుంది, బోర్డు మార్చగానే బిట్‌లాకర్ అనే ఆ తాళం తీసే రికవరీ కీ అడుగుతుంది. ఆ 48 అంకెల కీ మామూలుగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తులేనివాళ్ళకి డిస్క్ బాగానే ఉన్నా ఫోటోలు రావు.

## ముట్టుకుంటే జివ్వుమనడం: మామూలా, ప్రమాదమా

అడాప్టర్ లోపల 230 వోల్టుల వైపుకీ 19 వోల్టుల వైపుకీ మధ్య కెపాసిటర్ అనే ఒక చిన్న భాగం పెడతారు, సిగ్నల్ గోల తగ్గడానికి. దాంట్లోంచి అతి కొద్ది కరెంటు బాడీకి వస్తుంది. అడాప్టర్ మూడు పిన్నులదై ఎర్త్ సరిగ్గా ఉంటే అది భూమిలోకి పోద్ది, మనకి తెలియదు. రెండు పిన్నులదైనా, మూడు పిన్నులదాన్ని రెండు పిన్నుల కన్వర్టర్‌లో గుచ్చినా, ఇంట్లో ఎర్త్ వైరు పేరుకే ఉన్నా, ఆ కరెంటుకి దారి మన చెయ్యే. అది మిల్లీ ఆంపియర్‌లో నాలుగో వంతు లోపే ఉండేలా డిజైన్ చేస్తారు కాబట్టి ఏం కాదు అనేవాళ్ళ మాట మంచి అడాప్టర్ వరకు నిజం. భయపడేవాళ్ళ మాట నకిలీ అడాప్టర్ దగ్గర నిజం, వాటిలో ఆ కెపాసిటరూ ఇన్సులేషనూ ఏ రకంవో మనకి తెలియదు, అది షార్ట్ అయితే వచ్చేది జివ్వుమనడం కాదు.

ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్‌తో రెండు నిమిషాల్లో చెప్తాడు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే వచ్చి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులుంటే బాగున్నట్టు. ఫేజ్, ఎర్త్ మధ్య 100, 120 అని ఊగుతుంటే ఆ పిన్ను ఎక్కడికీ వెళ్ళడం లేదని అర్థం.

అడాప్టర్ మార్చేటప్పుడు వోల్టులు, ఆంపియర్లు కలిపేసి కంగారుపడతారు. వోల్టేజ్ సమానంగా ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా పర్లేదు. పాతది 19.5 వోల్టులు, 3.33 ఆంపియర్లు అంటే గుణిస్తే 65 వాట్లు. అదే వోల్టేజ్, అదే పిన్ను ఉన్న 90 వాట్లది పెడితే ల్యాప్‌టాప్ తనకి కావాల్సినంతే లాక్కుంటుంది, 45 వాట్లది పెడితే ఛార్జ్ నెమ్మదిగా ఎక్కుతుంది లేదా అసలెక్కదు. మన దేశంలో అమ్మే అడాప్టర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, ఆ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. వోల్టేజ్ హెచ్చుతగ్గులకి స్టెబిలైజర్ అవసరం పెద్దగా రాదు, అడాప్టర్ మీదే 100 నుంచి 240 వరకు అని రాసుంటుంది. పిడుగుల వానలో వచ్చే స్పైక్, అంటే ఒక్కసారిగా ఎగిసే వోల్టేజ్, వేరే విషయం, దాన్ని మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు ఆపదు, స్పైక్ గార్డ్ కొంతవరకు ఆపుద్ది, దగ్గర్లో పిడుగు పడితే అదీ చాలదు, ప్లగ్ పీకెయ్యడం ఒక్కటే పూర్తిగా పనిచేసేది.

## ఉబ్బిన బ్యాటరీ

వయసైన సెల్‌లో రసాయనాలు విడిపోయి గ్యాస్ పుడుతుంది, పైనున్న పల్చటి పొర సంచి ఉబ్బుతుంది. మొదట తెలిసేది ట్రాక్‌ప్యాడ్ క్లిక్ బిగుసుకోవడం, లేదా బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగడం. కెపాసిటీ తగ్గిన బ్యాటరీతో ఇంకో ఏడాది నెట్టుకురావచ్చు, అందులో ప్రమాదం లేదు, కానీ ఉబ్బినదాంతో అలా కుదరదు, నొక్కుకుపోయి లోపలి పొరలు తగిలితే మంట లేస్తుంది. సూదితో పొడిచి గ్యాస్ తీసే వీడియోలు తిరుగుతున్నాయి, అవి చూసి చేస్తే గదిలో నిప్పంటుకోవడమే. ఛార్జర్ తీసేసి, ఆపేసి, మెకానిక్ చేత తీయించడం వరకే మన పని.

తీసిన బ్యాటరీ చెత్త బండికి వెయ్యకూడదు, లారీలో నలిగితే అక్కడ అంటుకుంటుంది, ఆ చెత్త మోసేది మనుషులే. 2022 నాటి బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్ ప్రకారం అమ్మిన కంపెనీకే పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత ఉంది, కాబట్టి కొత్తది కొన్నచోట పాతది తీసుకోమని అడగొచ్చు. ఇచ్చేదాకా దాన్ని ఇంట్లో ఉంచాల్సొస్తే ఎండ తగలని చోట, గుడ్డలకీ కాగితాలకీ దూరంగా, కనెక్టర్‌కి టేప్ చుట్టి, ఏ బరువూ దాని మీద పడకుండా ఉంచాలి.